రాసేది కొంత, చదివేది కొండంత

సాఫ్ట్‌వేర్ వృత్తి గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులు ఇస్తున్నాను. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాదులో ప్రోగ్రామరుగా పనిచేస్తున్న అనుభవంతో చెప్పే మాటలివి. అభిప్రాయాలు పూర్తిగా నావే కనుక, ఒప్పుకోనివారు నిరభ్యంతరంగా ఉత్తరం రాయవచ్చు.

ప్రశ్న: సర్, నేను బి.టెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సీనియర్లు జావా నేర్చుకోమంటున్నారు, యూట్యూబ్‌లో అందరూ పైథాన్ అంటున్నారు, అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న మా అన్నయ్య డెవాప్స్ (రాసిన సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి నడిపించే పని) కోర్సులో చేరమంటున్నాడు. ఏది నేర్చుకుంటే మంచిది?
– ఒక విద్యార్థి, నరసరావుపేట

జవాబు: 2001లో అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే మైత్రీవనం మెట్ల దగ్గర చేతినిండా కరపత్రాలతో నిలబడి నేను కూడా ఇదే ప్రశ్న వేసుకున్నాను. అప్పటి కరపత్రాల్లో మెయిన్‌ఫ్రేమ్, విజువల్ బేసిక్, ఒరాకిల్ అనే పేర్లుండేవి. నేను ఫీజు కట్టి ఇష్టంగా నేర్చుకున్న విజువల్ బేసిక్ 6కు 2008లో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ కోర్సుతో పాటు ఉచితంగా రెండు వారాలు చెప్పిన, డేటాబేసులోంచి సమాచారం అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌ను మాత్రం ఈ రోజు పొద్దున కూడా వాడాను. 1970లలో ఐబీఎం పరిశోధనాశాలలో పుట్టిన ఆ భాష ఇప్పటికీ ప్రతి బ్యాంకు వెనకా పనిచేస్తూనే ఉంది.

కాబట్టి జావానా పైథానా అన్న తర్జనభర్జనకు ఒక సాయంత్రం కన్నా ఎక్కువ సమయం ఇవ్వకండి. మీ కాలేజీ ల్యాబులో ఏది ఇన్‌స్టాల్ అయి ఉంటే దానితోనే మొదలుపెట్టి, ఏడాది పాటు దాన్ని వదలకండి. దాని పక్కనే ఎస్‌క్యూఎల్, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు, కోడులో చేసిన మార్పుల చరిత్రను దాచే గిట్ నేర్చుకోండి. ఈ మూడూ మీరు ఏ కంపెనీలో చేరినా మొదటి వారంలోనే అవసరమవుతాయి.

దీనికన్నా ముఖ్యమైన సాధన ఒకటి ఉంది, దాన్ని ఏ కోర్సులోనూ చెప్పరు. మీ స్నేహితుడి మినీ ప్రాజెక్టు తీసుకుని, అతన్ని ఒక్క మాట కూడా అడగకుండా, అందులో ఒక చిన్న మార్పు చేసి చూడండి. ఉదాహరణకు లైబ్రరీ ప్రాజెక్టయితే ఆలస్యంగా పుస్తకం తిరిగిచ్చినవారి జరిమానాలో ఆదివారాలను మినహాయించండి. ఏ ఫైలులో ఏముందో తెలియక, అతను పెట్టిన పేర్లకు అర్థం దొరకక, మొదటి రోజంతా అతన్ని తిట్టుకుంటూ గడుపుతారు. ఉద్యోగంలో మొదటి ఏడాదంతా మీరు చేయబోయేది అచ్చంగా ఆ పనే. ఇంటర్వ్యూలలో మేం పది ప్రశ్నలు అడిగి తెలుసుకోలేనిది, ఎదురుగా వంద లైన్ల పరాయి కోడు పెట్టి "ఇది ఏం చేస్తుందో చెప్పండి" అంటే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. కంప్యూటర్ సైన్సులో సీటు వస్తుంది. కానీ ఇప్పుడు ఏఐ తనంతట తానే కోడు రాసేస్తోందని, ఇక ప్రోగ్రామర్ల అవసరం ఉండదని బంధువులంతా భయపెడుతున్నారు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: నాలుగేళ్ల తర్వాత ఉద్యోగాలు ఎలా ఉంటాయో చెప్పడానికి నేను జ్యోతిష్కుణ్ణి కాను; ఇవాళ మా ఆఫీసులో పని ఎలా జరుగుతోందో మాత్రం చెప్పగలను.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి మా పనితీరు మారిన మాట నిజం. ఆ మధ్య ఒక దరఖాస్తు ఫారంలో వ్యక్తుల పూర్తి పేరును తీసుకుని ఇంటిపేరును, అసలు పేరును వేరుచేసే చిన్న పని వచ్చింది. ఏఐని అడిగితే అర నిమిషంలో ముప్ఫై లైన్ల శుభ్రమైన కోడు రాసిచ్చి, దాన్ని పరీక్షించే టెస్టులు కూడా తానే రాసింది. టెస్టులన్నీ పాసయ్యాయి. నేను కూడా పైపైన చూసి సరేనన్నాను. మా దగ్గర చేరి ఎనిమిది నెలలైన ఒక అమ్మాయి మాత్రం ఆ ముప్ఫై లైన్లూ తీరిగ్గా చదివి, "సర్, ఇది చివరి మాటను ఇంటిపేరు అనుకుంటోంది. మా నాన్నగారి పేరు ఇందులో పెడితే ఆయన ఇంటిపేరు 'రావు' అయిపోతుంది. అప్పుడు మా ఊళ్లో సగం మంది ఒకే ఇంటివాళ్లు అయిపోతారు కదా" అంది.

తెలుగువాళ్లు ఇంటిపేరును ముందు రాస్తారన్న సంగతి ఆ యంత్రానికి బొత్తిగా తెలియదని నేను అనను, అడిగితే చెప్పేది. కానీ మేం అడగలేదు, అది తనంతట తాను అనుమానించలేదు. కోడు రాసినప్పుడు ఏ ఊహ చేసుకుందో టెస్టులు రాసినప్పుడూ అదే ఊహ చేసుకుంది కాబట్టి, పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు, అన్నీ పాసయ్యాయి. చివరికి ఆ ముప్ఫై లైన్లూ తీసేసి, ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి పెట్టాం. ఆ నిర్ణయం తీసుకోవడానికి కోడు రాయడం రానక్కర్లేదు. ఎదుట ఉన్న కోడు ఏం చేస్తోందో చదివి గ్రహించడం, దాని అవతల ఉన్న మనుషులు తెలిసి ఉండడం కావాలి.

మీకు ఉన్నదున్నట్టు చెప్పవలసిన రెండో సగం కూడా ఉంది. ఇంతకుముందు కొత్తగా చేరినవారికి మొదటి ఏడాది ఇచ్చే చిన్న చిన్న పనులు, అంటే రిపోర్టులో ఒక కాలమ్ కలపడం, ఫారంలో ఒక గడి మార్చడం వంటివి, ఇప్పుడు చాలా వరకు యంత్రమే చేస్తోంది. మేమంతా ఆ పనులు చేస్తూనే పని నేర్చుకున్నాం. ఆ మొదటి మెట్టు ఇరుకైపోయిందన్న బంధువుల భయంలో నిజం ఉంది. అందువల్ల, మొదటి ఉద్యోగంలో ఎవరో నేర్పుతారులే అన్న ధీమాతో కాలేజీలో నాలుగేళ్లూ గడిపేసే పద్ధతి ఇకపై చెల్లదు.

అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి. ఇంట్లో మిక్సీయో రిమోటో పనిచేయకపోతే ఎందుకు పనిచేయడం లేదో తెలుసుకోవాలని తనకు అనిపిస్తుందా? అనిపిస్తే నిశ్చింతగా చేర్పించండి. ప్యాకేజీ కోసమే అయితే, ఆ ర్యాంకుకు వచ్చే మిగతా బ్రాంచీలను కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: మాకు మందుల దుకాణం ఉంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక మొత్తం, దానితో పాటు ఇచ్చిన ఫోన్ యాప్‌లో మరో మొత్తం వస్తున్నాయి. తేడా ఒక పైసా, రెండు పైసలే. చేసిచ్చిన కుర్రాడు "కంప్యూటర్ లెక్క అంతే సార్" అంటున్నాడు. కంప్యూటర్ కూడా లెక్క తప్పుతుందా?
– ఒక దుకాణదారు, తెనాలి

జవాబు: కంప్యూటర్ తప్పదు, దానికి చెప్పినవారు తప్పారు. మీ ఉత్తరం నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే పైసా తేడాను పట్టించుకునే వినియోగదారుడు దొరకడమే ప్రోగ్రామరు అదృష్టం.

ఇందులో రెండు చిక్కులు కలిసిపోయి ఉండవచ్చు. మొదటిది: కంప్యూటరు దశాంశాలను 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో దాచుకుంటుంది. మనకు పదుల లెక్కలో మూడింట ఒక వంతు 0.333... అంటూ ఎలా తెగదో, దానికి 0.1 అలాగే తెగదు. అందుకే మామూలు దశాంశాలతో 0.1ను పది సార్లు ఒక్కొక్కటిగా కూడితే 1 రాదు, 0.9999999999999999 వస్తుంది. దీనికి మందు పాతదే: డబ్బును రూపాయల్లో కాక పైసల్లో, పూర్ణసంఖ్యగా దాచుకోవాలి. మీ తాతగారి కాలంలో అణాలు, పైసల లెక్క రాసిన గుమాస్తాలకు ఈ ఇబ్బంది లేదు.

రెండోది సవరింపుకు, అంటే పైసాలో భాగం మిగిలితే దాన్ని పూర్తి పైసాగా మార్చడమో వదిలేయడమో అన్నదానికి, సంబంధించినది, మీ తేడాకు ఎక్కువగా ఇదే కారణమని నా అనుమానం. పన్నెండున్నర రూపాయల వస్తువు మీద 5 శాతం పన్ను 62.5 పైసలు. ఆ అర పైసాను పైకి తీసుకోవాలా, వదిలేయాలా? పైథాన్‌లో ఉన్న మామూలు సవరింపు దీన్ని 0.62 చేస్తుంది, ఎందుకంటే సరిగ్గా సగం వచ్చినప్పుడు అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఎక్కువమంది వాడే పద్ధతి 0.63 చేస్తుంది. మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్‌ను ఒక భాషలో, యాప్‌ను మరో భాషలో రాసి ఉంటే, రెండూ తమ తమ పద్ధతిలో సరిగ్గానే లెక్కవేసి మీకు రెండు మొత్తాలు చూపిస్తాయి.

ఇంకో మెలిక కూడా చూడండి. అదే వస్తువులు మూడు కొన్నారనుకుందాం. ఒక్కొక్కదాని పన్నును 63 పైసలుగా సవరించి కూడితే రూపాయి 89 పైసలు అవుతుంది. ముప్పై ఏడున్నర రూపాయల మీద ఒకేసారి పన్ను కట్టి సవరిస్తే రూపాయి 88 పైసలు వస్తుంది. వరుసవారీగా సవరించాలా, మొత్తం మీద సవరించాలా అన్నది కుర్రాడు నిర్ణయించవలసిన విషయం కాదు. మీరూ మీ ఆడిటరూ కూర్చుని నిర్ణయించి, కాగితం మీద రాసి అతనికి ఇవ్వాలి. అతన్ని కోప్పడవద్దు. పన్నెండున్నర రూపాయల వస్తువులు మూడు వేసి, సర్వర్‌లోనూ యాప్‌లోనూ వచ్చిన రెండు బిల్లులు పక్కపక్కన పెట్టి చూపించండి చాలు, మిగతాది అతనికే అర్థమవుతుంది.

ప్రశ్న: ఒక యాప్‌లో నా పేరు తెలుగులో "రాజ్యలక్ష్మి" అని రాస్తే "రాజ్యలక్ష్" అని ఆగిపోతోంది. పది అక్షరాల వరకు రాయవచ్చని అక్కడే ఉంది. నా పేరులో ఉన్నవి నాలుగు అక్షరాలే కదా?
– ఒక ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం

జవాబు: మీ లెక్కే సరైనది టీచర్ గారూ. రా, జ్య, ల, క్ష్మి – నాలుగే. కానీ కంప్యూటర్లు వాడే యూనికోడ్ పట్టికలో హల్లుకు ఒక సంఖ్య, గుణింతపు గుర్తుకు ఒక సంఖ్య, పొల్లుకు ఒక సంఖ్య విడివిడిగా ఉంటాయి. "క్ష్మి" అనే ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరు ఉన్నాయి. మీ పేరు మొత్తం అలా విడదీస్తే పన్నెండు అవుతుంది. యాప్ పదో సంఖ్య దగ్గర కత్తి వేసింది కాబట్టి చివరి 'మ'కారమూ, దాని గుడీ పోయి, పొల్లు దగ్గర పేరు నిలిచిపోయింది. దాచుకునేటప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇలాంటి ప్రతి తెలుగు సంఖ్యకూ మూడు బైట్లు (బైటు అంటే కంప్యూటర్ నిల్వకు కొలత) పడుతుంది కాబట్టి, డేటాబేసులో మీ పేరు 36 బైట్లు.

ఇది నిజానికి మన భాషకు ప్రత్యేకమైన దోషం కాదు. ఇంగ్లీషులో ఒక అక్షరం, ఒక సంఖ్య, ఒక బైటు మూడూ ఒకటే కావడం వల్ల అలవాటైపోయిన బద్ధకం. ఆ బద్ధకానికి మనం సొమ్ము కూడా కడుతున్నాం. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో రాసిన ఎస్సెమ్మెస్‌లో 70 సంఖ్యలే పడతాయి, అందులో పొల్లులూ గుణింతాలూ కూడా లెక్కే.

2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుందా? "జ్ఞా" అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక విభజక సంకేతంతో కలిపి ఎవరైనా ఐఫోన్‌కు పంపితే, దాన్ని తెర మీద గీయబోయిన యాప్ కుప్పకూలిపోయేది. ప్రపంచమంతా "తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది" అని వార్తలు రాసింది. కొద్దిరోజుల్లోనే ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అక్షరం తప్పేమీ లేదు. దాన్ని గీసే కోడును రాసినవారు ఆ కలయికతో ఒక్కసారి కూడా పరీక్షించి చూడకపోవడమే తప్పు.

అదే విభజక సంకేతం "సాఫ్ట్‌వేర్" అనే మాటలో కూడా ఉంటుంది. దానితో ఒకరు, లేకుండా ఒకరు టైపు చేస్తే చాలా చోట్ల రెండూ వేరు మాటలుగా మిగిలిపోయి, వెతికితే దొరకవు. మా బృందంలో కొత్త గడి ఏది చేసినా ముందు "స్త్రీ", "లక్ష్మి", "జ్ఞానం" అనే మూడు మాటలు టైపు చేసి చూడాలని నియమం పెట్టుకున్నాం. ఇకపై మీ పేరు నాలుగో మాటగా చేరుస్తున్నాను. మీరు ఆ యాప్ వారికి ఫిర్యాదు పంపేటప్పుడు పైన చెప్పిన పన్నెండు లెక్కను కూడా రాయండి. అలా రాస్తే ఫిర్యాదు నేరుగా ప్రోగ్రామరు బల్ల మీదికి వెళుతుంది.

ప్రశ్న: మా కంపెనీలో పదిహేనేళ్ల నాటి పేరోల్ (జీతాల లెక్క) సాఫ్ట్‌వేర్ ఉంది. రాసినవారు ఒక్కరూ ఇప్పుడు లేరు, కోడు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. మొత్తం పక్కనపెట్టి మొదటి నుంచి కొత్తగా రాద్దామని మా బృందం అంటోంది.
– ఒక టీమ్ లీడ్, మాదాపూర్

జవాబు: వద్దు. వెబ్ పేజీలు చూపే బ్రౌజరు తయారుచేసిన నెట్‌స్కేప్ వారు అలాగే అనుకున్నారు. 1997లో బ్రౌజరు నాలుగో వెర్షన్ ఇచ్చాక, పాత కోడును వదిలేసి చాలా భాగం మళ్లీ రాయడానికి కూర్చున్నారు. ఐదో వెర్షన్ అసలు రానేలేదు. ఆరోది 2000 నవంబరులో వచ్చింది. ఆలోగా వాడేవాళ్లలో చాలామంది మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు వెళ్లిపోయారు.

పేరోల్ అంటే నాకు స్వయంగా తగిలిన దెబ్బ ఒకటి ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒకచోట పాత కోడును శుభ్రం చేస్తుంటే, ఒక్క బ్రాంచికి మాత్రం నెలకు 26 రోజులని లెక్కవేసే షరతు కనిపించింది. మిగతా అన్ని చోట్లా 30 ఉంది. ఎవరో పొరపాటున రాసి ఉంటారని తీసేశాను. నెలాఖరున ఆ బ్రాంచి నుంచి ఫోన్ వచ్చింది. అక్కడివారంతా రోజుకూలీ లెక్కన పనిచేసేవారు, వారికి పనిదినాలు 26గా కట్టడం మొదటి నుంచీ ఉన్న ఒప్పందం. ఆ షరతు పక్కన ఒక్క వాక్యం వ్యాఖ్యగా రాసి ఉంటే నేను చేయి పెట్టేవాణ్ణి కాదు, నిజమే. కానీ తీసేసే ముందు ఆ బ్రాంచికి నేను ఒక్క ఫోన్ చేసినా సరిపోయేది.

మీ కోడులో కళ్లు తిప్పుతున్న మెలికల్లో సగమైనా ఇలాంటి ఒప్పందాలే అయివుంటాయి. కొత్తగా రాస్తే అవన్నీ మాయమై, ఒక్కొక్కటీ ఒక్కో నెలాఖరున ఫోన్ రూపంలో తిరిగి వస్తాయి. కాబట్టి ఒక భాగాన్ని మాత్రం, ఉదాహరణకు సెలవుల లెక్కను, విడదీసి కొత్తగా రాయండి. మూడు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి, వచ్చిన జీతాలను పైసాతో సహా పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఏది సరైనదో హెచ్‌ఆర్ వారిని అడిగి రాసుకోండి. ఆ రాసుకున్న కాగితాలు కొత్త కోడుకన్నా విలువైనవి.

ప్రశ్న: ప్రాజెక్టు ఆలస్యమవుతోందని మా మేనేజరు నలుగురున్న బృందంలోకి మరో ఐదుగురిని ఇచ్చారు. సంతోషించాలా?
– ఒక ప్రోగ్రామరు, డాలస్

జవాబు: ఆలస్యమవుతున్న సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను కలిపితే అది మరింత ఆలస్యమవుతుందని ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. నలుగురి మధ్య మాట్లాడుకునే జంటలు ఆరు. తొమ్మిది మంది మధ్య ముప్ఫై ఆరు. పైగా వచ్చిన ఐదుగురికీ కోడు చదివి వివరించవలసింది ఇప్పటికే తీరిక లేని మీ నలుగురే. వారికి కోడు రాసే పని కాక, టెస్టులు రాయడం, ఇన్‌స్టాల్ చేసే పద్ధతిని సరిచేయడం వంటి విడివిడి పనులు అప్పగించండి.

ప్రశ్న: 2038లో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అన్నీ కాదు. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను 32 బిట్ల (ఒక్కో దానిలో 0 లేదా 1 పట్టే 32 గడుల) సంఖ్యలో లెక్కపెట్టే పాత వ్యవస్థలకు, మన కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తర్వాత చోటు చాలదు. అవి ఒక్క గెంతులో 1901 డిసెంబరుకు వెళ్లిపోతాయి. మీ ఫోను, ల్యాప్‌టాప్ ఇప్పటికే 64 బిట్లకు మారి ఉంటాయి. చింతించవలసింది ఒకసారి బిగించి ఎవరూ మళ్లీ ముట్టుకోని యంత్రాల గురించి. వైటూకే (2000 సంవత్సరం రాకతో కంప్యూటర్లకు వచ్చిన తేదీల చిక్కు) పుణ్యమా అని ఎందరో తెలుగువాళ్లు మొదటిసారి విమానం ఎక్కి, కోబాల్ అనే పాత భాషలో ఇతరులు రాసిన కోడును లైను లైనుగా చదివి తేదీలు దిద్దివచ్చారు. ఇప్పుడు మళ్లీ అదే పని మరో తరానికి మిగిలి ఉంది.

ప్రశ్న: శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ విడుదల చేయకూడదంటారు. ఇది శాస్త్రమా, మూఢనమ్మకమా?
– ఒక టెస్టర్, విశాఖపట్నం

జవాబు: 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని నిలిచిపోయాయి, విమానాశ్రయాల్లో సిబ్బంది బోర్డింగ్ పాసులను చేత్తో రాసిచ్చారు. ఆ రోజు శుక్రవారమే. అయితే కారణం వారం కాదు; ఆ ఫైలును ముందు కొన్ని యంత్రాలకు పంపి చూడకుండా అన్నింటికీ ఒకేసారి పంపడం. పైగా వెనక్కి తీసుకోవడానికి చాలా చోట్ల ఒక్కొక్క యంత్రం దగ్గరికీ మనిషి వెళ్లవలసి వచ్చింది. వెనక్కి తీసుకునే దారి ఐదు నిమిషాలదైతే ఏ రోజైనా విడుదల చేయవచ్చు. మేం మాత్రం మంగళవారం ఉదయం పదకొండింటికి చేస్తాం, అందరూ టిఫిన్ తిని వచ్చి ఉంటారని.